లైటు వెలిగితే చాలు సామీ

ఆగండి, ఒక్క నిమిషం ఆగండి. చేతిలో పని ఏదుంటే అది పక్కన పెట్టి ఇది వినండి. బండిలో జబ్బు లైటు వెలిగిందని వీధి వీధంతా మైసూర్‌పాకు పంచుకున్న కథ మీరు ఇంకెక్కడా విని ఉండరు, అందుకని.

ఇది జరిగింది పుదుచ్చేరిలో, ఉప్పళంలో. అక్కడ సుబ్బరాయలు కాఫీపొడి అంగడి ఉండాది. వీధి మలుపు తిరగక ముందే అంగడి యాడుందో మీ ముక్కే చెప్పేస్తుంది, బోర్డు చూడాల్సిన పనే లేదు. ఆ సుబ్బరాయలు మనవరాలే మన ప్రీతిక. బీకాం అయిపోయినాక బ్యాంకు పరీక్షలు రాయమని ఇంటిల్లిపాదీ చెవిలో జోరీగ మాదిరి తిరుగుతుంటే, "ముందు బండి తోలతా, ఆ మీదట చూద్దాం" అని అంగడి వ్యాను తాళం లాక్కునింది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ కలిపి. తెలుగు అక్షరం ఒక్కటి చదవను రాదు, మాట్లాడితే మాత్రం మధ్యలో ఊపిరి తీసుకోదు.

ఇప్పుడు ఆ వ్యాను సంగతి. చిన్న డీజిలు బండి. కంపెనీ పేరు ఎందుకులే, బండి గురించి చెప్తా. అమ్మేటప్పుడు వాళ్ళిచ్చిన రంగుల కాగితంలో ఒక సన్న సందు, రెండు పక్కలా గోడలు, మధ్యలో ఈ బండి నవ్వుతా నిలబడి ఉంటుంది, కింద 'సందుకు రాజు' అని పెద్ద అక్షరాలు. సుబ్బరాయలు ఆ బొమ్మకే పడిపోయినాడు. మా వీధి కోసమే పుట్టింది ఈ బండి అన్నాడు. తెచ్చిన కొన్నాళ్ళకే డ్యాష్‌బోర్డు మీద ఒక ఆరెంజి లైటు వెలిగింది. అది వెలిగిందంటే అంతే, కల్యాణమండపంలో రెండో పంక్తి దాకా తినేసిన మామ మాదిరి బండి నడుస్తుంది. ఎంత తొక్కినా ఆయాసమే గాని వేగం లేదు.

సేదరపేట్ దోవలో ఉండే సర్వీస్ సెంటర్‌కు తీసుకుపోతే వాళ్ళది ఒకే పాట. "బండిలో తప్పేం లేదమ్మా, మీరు తోలేదే సరిలేదు. హైవే మీద కొంచేపు గట్టిగా తోలండి, అదే పోతుంది."

అసలు సంగతేందంటే, డీజిలు పొగలో నల్లమసి ఉంటుంది గదా, అది గాల్లోకి పోకుండా పట్టుకునేదానికి పొగగొట్టంలో ఒక ఫిల్టరు. మసి నిండినాక బండి పొడుగు దోవలో బాగా వేడెక్కితే ఆ మసి దానంతట అదే కాలిపోతుంది. కానీ ఉప్పళం నుంచి పెద్ద మార్కెట్టుకు, మార్కెట్టు నుంచి మిషన్ వీధికి, నాలుగడుగులకొకసారి ఆగే బండి యాడ వేడెక్కుతుంది?

ప్రీతిక ఇదంతా తాతకు ఊపిరి తీసుకోకుండా చెప్పింది. సుబ్బరాయలు శాంతంగా విన్నాడు.

"అంటే కాఫీ ఫిల్టర్లో పొడి గడ్డకట్టి డికాషన్ దిగనట్టు."

"అదే తాతా."

"మరి మన దగ్గర ఫిల్టరు కొన్నోళ్ళు డికాషన్ దిగలేదని వస్తే, హైవే మీదికి పొయ్యిరాండి అని మనమెప్పుడైనా చెప్పినామా?"

ఈ ఒక్క మాటతోనే కేసు మొదలైందని ప్రీతిక ఇప్పటికీ అంటుంది.

కానీ కేసంటే ఒక్కరితో అయ్యేది కాదు. మిగతావాళ్ళు ఎట్లా దొరికినారంటే, అది ఇంకో తమాషా. ఆదివారం పొద్దున్నే ప్రీతిక బండిని సముద్రం పక్కన పోయే ఈసీఆర్ హైవే మీద కాలాపేట దాటించి, మసి కాల్చుకోని, తిరిగొచ్చేటప్పుడు దోవ పక్కన ఇడ్లీ బండి దగ్గర ఆగేది. ఒకరోజు చూస్తే అక్కడ అదే రకం వ్యాను ఇంకోటి. పూలమ్మే మణియమ్మక్కది. పక్కన ఇంకోటి. పెళ్ళి పాత్రలు అద్దెకిచ్చే సీతాపతి మామది. ఒకరినొకరు చూసుకోని అందరూ ఒకేసారి తల దించుకునిరి.

"సముద్రం గాలికి వచ్చినా పాపా" అన్నాడు సీతాపతి.

"మామా, నీ బండికీ లైటు వెలుగుతుండాదా?"

సీతాపతి చట్నీలో ఇడ్లీ ముంచి, తీసి, మళ్ళీ ముంచి, చివరికి ఒప్పుకున్నాడు. బజార్లో అందరికీ అదే జబ్బు, కానీ ఎవరూ నోరు తెరవలేదు. తనకు బండి తోలను రాదని ఊరంతా నవ్వుతుందేమోనని ఎవరి బండి వాళ్ళు దాచుకున్నారు, పిల్ల చదువులో వెనకబడితే దాచుకున్నట్టు. ప్రీతిక ఊరుకుంటుందా? వీధి వీధీ తిరిగి పన్నెండు బండ్లను కూడేసింది. వాట్సాప్‌లో గ్రూపు పెట్టింది. రాసేది ఎవరికీ సరిగా రాదు గాబట్టి అందులో అన్నీ గొంతు మెసేజిలే, తెరిస్తే సంత.

లాయరు రంగరాజన్ సారు సుబ్బరాయలు అంగడికి పాత గిరాకీ. ఆయన పొడి కట్టించుకుంటా నిదానంగా చెప్పినాడు. "ఒక్కొక్కరు పోతే ఒక్కొక్కరి డ్రైవింగే తప్పంటారమ్మా. కానీ చట్టంలో ఒక దోవ ఉండాది. ఒకే ఇబ్బంది పడేవాళ్ళు చాలామంది ఉంటే, వాళ్ళందరి తరఫునా కొందరు కలిసి ఒకే కేసు వెయ్యొచ్చు. ఆ బండి కొన్న ప్రతి ఒక్కరి తరఫునా, మీకు తెలియనివాళ్ళ తరఫునా గూడా. దానికి వినియోగదారుల కమిషన్ ఒప్పుకోవాల. అందరిదీ ఒకే ఇబ్బంది అని వాళ్ళకు నమ్మకం రావాల. రాకపోతే ఎవరి దోవ వాళ్ళది."

ఎవరి దోవ వాళ్ళదైతే ఒక్కరూ ముందుకు రారని ప్రీతికకు తెలుసు. మణియమ్మక్క పూలు వదిలి కోర్టు మెట్లెక్కుతుందా? సీతాపతి మామ నోరు విప్పుతాడా? వీళ్ళందరిచేత సంతకాలు పెట్టించింది తను. మొదటి పేరు తనది, ఎం. ప్రీతిక. అందరిదీ ఒకే కేసు కావాల, అంతే. ఆ పిల్లకు నిద్రలోనూ అదే ధ్యాస.

కమిషన్ వాళ్ళు బండ్లు చూసి చెప్పమని ఒక నిపుణుణ్ణి వేసినారు. కార్తికేయన్ అని, ఇంజినీరింగ్ కాలేజీలో బండ్ల పాఠాలు చెప్పే మనిషి. కంపెనీ తరఫున శ్రవణ్ అని ఒక కుర్రాడు వస్తాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, మర్యాదైన నవ్వు. ఆ రోజు పొద్దున ప్రీతిక లాయరుతో కమిషన్ ఆఫీసుకు పోయి, కాగితాల పని ముగించుకోని, అందరితోపాటు ఉప్పళం వచ్చింది.

వీధి మలుపు తిరిగింది. గుండె జారి చెప్పుల్లోకి వచ్చింది.

పన్నెండు బండ్లూ వరసగా నిలబడి ఉండాయి, పెళ్ళికొడుకుల మాదిరి. కడిగి, తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, మణియమ్మక్క పుణ్యాన ఒక్కోదానికి మూరెడు చామంతి దండ. టైర్ల కింద నిమ్మకాయలు. నడివీధిలో పగిలిన దిష్టి గుమ్మడికాయ. ఆయుధపూజ కూడా ఇంత బాగా చెయ్యలేదు ఎప్పుడూ. కార్తికేయన్ సారు మొదటి బండిలో తాళం తిప్పినాడు. లైటు లేదు. రెండోది. లేదు. మూడోది. లేదు. ఒక్కదానికీ లేదు.

ప్రీతిక తాతను పక్కకు లాగింది. "ఏంది తాతా ఇది?"

"కోర్టు పంపించిన మనిషి వస్తుండాడు గదా" అన్నాడు సుబ్బరాయలు సంబరంగా. "ఇంటికి పెద్దమనిషి వస్తుంటే ముఖం మాడ్చుకోని నిలబడతామా? తెల్లారకముందే అందరం వరసగా ఈసీఆర్ మీద మరక్కాణం దాకా పొయ్యొచ్చినాం. ఒక్కదానికీ ఆ పాడు లైటు లేదు చూడు."

"తాతా, ఆ పాడు లైటు చూసేదానికే ఆయన వచ్చింది."

సుబ్బరాయలు గబగబా దగ్గరున్న బండి దండ తీసెయ్యబోయినాడు. వెనక నిలబడిన సీతాపతి చిన్నగా, "ఐడియా నాది కాదు పాపా, నేను వద్దనే అన్నా" అన్నాడు.

"నువ్వే గదా ముందు బండి తోలింది" అనింది మణియమ్మ.

కార్తికేయన్ సారు మీటరు పెట్టి చూస్తే ఫిల్టర్లన్నీ అద్దాల మాదిరి ఉండాయి. పాత జబ్బు లెక్కలు చూద్దామంటే అవి తెరిచే సాఫ్ట్‌వేరు కంపెనీ దగ్గరే ఉండాది, వాళ్ళు ఇయ్యలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటా, "నేను చూసిందే రాయగలనమ్మా" అన్నాడు. శ్రవణ్ నవ్వు చెవులదాకా పోయింది.

అప్పుడు ప్రీతిక, ఎప్పుడూ లేనిది, ఊపిరి తీసుకోని మాట్లాడింది. "సార్, మీరు చూసింది మా పండగ. మా పనిరోజు చూడలేదు. ఒక్క వారం టైమియ్యండి. మేం రోజూ తిరిగేచోటే తిరుగుతాం. కావాలంటే కంపెనీ సారునే బండిలో కూర్చోబెట్టుకుంటాం."

ఆయన ఆలోచించినాడు. అన్ని బండ్లలో కిలోమీటర్లు రాసుకున్నాడు, ఊరు దాటి పొడుగు దోవ పట్టకూడదని అందరిచేతా మాట తీసుకున్నాడు, వారానికి మళ్ళీ వస్తానన్నాడు.

ఆ వారం చూడాల మీరు. శ్రవణ్ ఒక్కో పూట ఒక్కో బండిలో. పొద్దున మణియమ్మక్క బండిలో మల్లెపూల బుట్టల మధ్య, మధ్యాహ్నం సీతాపతి బండిలో పెళ్ళి వంటల ఇత్తడి గుండాల మధ్య, ఒక గుండా ఒళ్ళో పెట్టుకోని. సాయంత్రానికి ప్రీతిక బండిలో, కాఫీపొడి వాసనకు కళ్ళు మూతలు పడతా. రెండో రోజుకే ఇస్త్రీ పోయింది, మూడో రోజుకు కార్డు జేబులోకి పోయింది. ప్రీతిక వాళ్ళ అవ్వ అంబుజం ఆ పిల్లోడికి రోజూ లోటా నిండా కాఫీ, పక్కన మురుకులు.

"శత్రువుకు మురుకులు ఎందుకవ్వా?" అనింది ప్రీతిక.

"శత్రువైతే ఆకలెయ్యదా? చూడు ఎట్లా చిక్కిపోయినాడో."

లైటు మటుకు రావట్లేదు. రావద్దని దేవుళ్ళకు మొక్కుకునేటప్పుడు రోజుకొకసారి వచ్చే లైటు, ఇప్పుడు రా సామీ అంటే బిగదీసుకోని కూర్చునింది. గ్రూపులో గొంతు మెసేజిలన్నీ ఒకటే: "నీకేమైనా తెలిసిందా?" "ఇంకా లేదు." "మాకూ లేదు." పెళ్ళయిన కొత్తలో కోడళ్ళను అడిగినట్టు.

ఆ మీదట ఒక మధ్యాహ్నం మణియమ్మ గొంతు. ఏడుస్తుందో నవ్వుతుందో తెలియలేదు. "వచ్చింది పాపా. నాకు వచ్చేసింది. మార్కెట్టు ముందర, చామంతి దించుతుంటే వచ్చేసింది."

అంబుజం అవ్వ వెంటనే మైసూర్‌పాకు డబ్బా తెరిచింది. మరుసటి రోజు సీతాపతికి. ఆయన బండి నడివీధిలో ఆపేసి, వెనక హారన్లు కొడుతున్నవాళ్ళకు గూడా డ్యాష్‌బోర్డు చూపించినాడు. దాని వెంటే ఇంకొకటి, ఇంకొకటి. వారం అయ్యేలోపల పదకొండు. ప్రతిదానికీ మైసూర్‌పాకు. శ్రవణ్ గూడా తిన్నాడు, కొంచెం సిగ్గుపడతా.

రానిది ఒక్కటే. ప్రీతిక బండి.

కార్తికేయన్ సారు వచ్చిన రోజు ఈసారి దండలు లేవు, నిమ్మకాయలు లేవు. మసిబట్టిన బండ్లు, మసిబట్టిన మనుషులు. పదకొండు ఆరెంజి లైట్లు దీపావళి మాదిరి వెలిగినాయి. పన్నెండో బండిలో తాళం తిప్పితే చీకటి.

శ్రవణ్ గొంతు సవరించుకున్నాడు. మురుకులు తిన్న నోరు పాపం, కానీ పని పనే గదా. "సార్, మొదటి పేరే ఈమెది. ఈమె బండి బాగుంది. మరి అందరిదీ ఒకే ఇబ్బంది అని ఎట్లా అంటారు?"

కార్తికేయన్ సారు తన కాగితం చూసినాడు, బండిలో కిలోమీటర్లు చూసినాడు, మళ్ళీ కాగితం చూసినాడు. "మిగతా బండ్లకన్నా ఇది రెండింతలు పైనే తిరిగింది. యాడికి పోయిందమ్మా ఇది?"

యాడికీ పోలేదని చెప్పబోయి ప్రీతిక ఆగిపోయింది. ఎందుకంటే తాత పొడి కొట్టే మిషను దగ్గర నిలబడి, దాని చక్రాన్ని ఇంతకు ముందెప్పుడూ చూడనట్టు చూస్తుండాడు.

సీతాపతి ఆమె చెవిలో గుసగుసలాడినాడు. "చెప్పొద్దు పాపా. పొడికి గిరాకీ ఎక్కువైంది, నాలుగు వీధులు ఎక్కువ తిరిగినాం అను. మాట తప్పినామని తెలిస్తే మొత్తం కేసే కొట్టేస్తారు."

అదీ నిజమే. అందరూ మాటిచ్చినారు. పదకొండు మంది దాన్ని నిలబెట్టుకున్నారు గూడా. చిన్న అబద్ధం, నాలుగు వీధులంత అబద్ధం. ప్రీతిక నోటిదాకా వచ్చింది. కానీ ఎదురుగా శ్రవణ్ ఉండాడు. వారమంతా సాయంత్రాలు ఆ బండిలోనే కూర్చున్నాడు, యాడ తిరిగిందో వాడికీ తెలుసు. అంతకన్నా, డ్రైవింగ్ తప్పు డ్రైవింగ్ తప్పు అని కంపెనీ చెప్పిన అబద్ధానికే గదా ఇంత దూరం వచ్చింది.

"తాతా" అని పిలిచింది. "ఇట్లా వచ్చి సారుకు నువ్వే చెప్పు."

సుబ్బరాయలు పంచె సర్దుకోని వచ్చినాడు. "పాపకు తెలియదు సార్. ఆ పిల్ల లేచేది పొద్దెక్కినాక. రోజూ కోడి కూయకముందే కాలాపేట దాటి పొయ్యొచ్చినా. అందరి బండ్లకూ లైటు వస్తుంది, కేసుకు అవి చాలులే అనుకున్నా. పెద్ద కేసులో మొదటి పేరు మాది. మీరు ముందు చూసేది మా ముంగిలి. ఆ బండి మూతి ముడుచుకోని నిలబడితే నాకు మనసొప్పలేదు. మాట తప్పినా, నన్నేమైనా అనండి, పాప పేరు మటుకు కొట్టెయ్యొద్దు."

 కార్తికేయన్ సారు కాఫీగింజల మూట మీద కూర్చున్నాడు. భుజాలు ఊగుతుండాయి. కోపమేమో అనుకున్నారు. నవ్వు.

"అయ్యా, మా కాలేజీలో ఇట్లాంటి పరీక్ష చెయ్యాలంటే మూడు మీటింగులు పెడతారు. ఒకే ఊరు, ఒకే రకం బండి. ఊర్లోనే తిరిగిన పదకొండుకీ జబ్బు. రోజూ ఊరు దాటి పోయిన ఒక్కదానికి లేదు. పదకొండు మందికీ తోలను రాక కాదు మరి. ఊరి సందుల కోసమని అమ్మిన బండి, ఊర్లో తప్ప అన్ని చోట్లా బాగుంటుందన్నమాట." కలం తెరిచినాడు. "మీరు మాట తప్పిందీ రాస్తా. దాని వల్ల తెలిసిందీ రాస్తా."

శ్రవణ్ తన కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అంబుజం వైపు తిరిగి, "అవ్వా, కాఫీ ఉందా?" అన్నాడు.

కమిషన్ ఒప్పుకునింది. అందరిదీ ఒకే కేసు. ఆ రోజు మైసూర్‌పాకు అయిపోయి అంబుజం అవ్వ చక్కెర పంచింది. రూలు ప్రకారం పేపర్లో ప్రకటన వేసినారు, ఈ బండి కొన్నవాళ్ళెవరైనా వచ్చి చేరొచ్చని. ఇంక చూడండి, ప్రీతిక ఫోను ఆగలేదు. విల్లియనూరు నుంచి పాలబండి ఆయన, బాగూరు నుంచి కోళ్ళ మేత ఆయన, కారైకాల్ నుంచి రాసాత్తి అని ఒకామె, చేపలు తోలే ఆమె. "నాకొక్కదానికే అనుకున్నా చెల్లీ" అంటారు అందరూ, ఒకే మాట నేర్చుకోని వచ్చినట్టు.

కథ ఇక్కడ అయిపోయుంటే బాగుండేది. కానీ ఈ పొద్దున శ్రవణ్ మళ్ళీ వచ్చినాడు. ఈసారి ఇస్త్రీ చొక్కా లేదు, మొహమాటం ఉండాది. కంపెనీ ఒక మాట చెప్పమనిందట. మీ పన్నెండు మందికీ పాత బండ్లు తీసుకోని కొత్త బ్యాటరీ బండ్లు ఇస్తారు. పొగ లేదు, ఫిల్టరు లేదు, లైటు లేదు. పన్నెండు మందీ కేసు వదులుకోవాల. సాయంత్రానికి ఏదో ఒక సంగతి చెప్పాల.

"మిగతావాళ్ళు?" అని అడిగింది ప్రీతిక.

"వాళ్ళ సంగతి నాకు చెప్పలేదు" అన్నాడు శ్రవణ్, లోటాలోకి చూస్తా.

రంగరాజన్ సారును అడిగితే ఆయన తల గోక్కున్నాడు. "కమిషన్‌కు చెప్పి వదులుకోవచ్చు, తప్పు కాదు. కాకపోతే మోసేవాళ్ళు మీరే గదా. మీరు దించేస్తే మిగతావాళ్ళు మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల. ఎక్కుతారో లేదో."

అంగడి ముందర పన్నెండు బండ్లవాళ్ళూ చేరినారు. సీతాపతికి ఓపిక లేదు. "ఏముంది పాపా ఇందులో, పళ్ళెంలో పెట్టి ఇస్తుంటే. ముహూర్తాల కాలం వస్తుండాది, నా గుండాలు ఎవరు మోస్తారు? ఆ కారైకాల్ ఆమెను నువ్వు కంటితో చూసినావా?"

"ఆమె గూడా నన్ను చూడలేదు" అనింది మణియమ్మ. "పూలబండి దోవలో నిలిచిపోతే పూలు వాడిపోతాయి మామా, నాకు తెలుసు. చేపబండి నిలిచిపోతే ఏమవుతుందో చెప్పాల్నా?"

"వాసన గురించి మాట్లాడొద్దు, కాఫీ తాగుతుండాం" అన్నాడు సీతాపతి. అందరూ నవ్వినారు. కానీ మణియమ్మకు గూడా కొత్త బండి మీద మనసు లేకపోలేదు, మసిబట్టిన తన బండి వైపు పదిసార్లు చూస్తానే ఉండాది.

సుబ్బరాయలు మనవరాలి వైపు తిరిగినాడు. "మొదటి పేరు నీదమ్మా. నువ్వేమంటే అదే."

ఆ మాటకు అందరూ తలూపినారు, సీతాపతి గూడా, మెల్లగా. ప్రీతికకు ఇటు చూస్తే తనను నమ్మి సంతకం పెట్టిన పదకొండు ముఖాలు, వాళ్ళ కళ్ళల్లో కొత్త బండ్లు తిరుగుతుండాయి. ఇంతలో ఫోను మోగింది. కారైకాల్ రాసాత్తి. "చెల్లీ, మన కేసు ఎట్లా పోతుండాది?" అని అడగబోతుంది, ఖాయం.

ఫోను మోగుతానే ఉండాది, అందరూ చూస్తానే ఉండారు, సాయంత్రం కావస్తుండాది. ఇప్పుడు చెప్పండి, ఆ ఫోను మీ చేతిలో ఉంటే మీరేం చేస్తారు?